దెబ్బ పడాల్సిన చోటు

పాత అంబాసిడర్ ముందు చక్రం దగ్గర బిగుసుకుపోయిన టై రాడ్ ఎండును ఊడదీయడం గ్యారేజీల్లో ఎవరూ పెద్ద పనిగా లెక్కవేయరు. ఇంజిన్ దించితే అది పని, గేర్ బాక్సు విప్పితే అది పని. ఇది బిల్లులో ఒక్క వరుసతో సరిపోయే వ్యవహారం. అయినా ఒక మేస్త్రీ పనితనం ఎంతటిదో చూడాలంటే నేను ముందుగా చూసేది ఈ పనే. ఇంజిన్ పనిలో కొలతలుంటాయి, పుస్తకం సాయం ఉంటుంది, కొత్త సామాను వేసి తప్పు కప్పేసుకునే వీలూ ఉంటుంది. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన కీలు ముందు అవేవీ అక్కరకు రావు. సుత్తి అందరి దగ్గరా ఉంటుంది, దాన్ని ఎత్తే బలమూ ఉంటుంది. ఆ బలం ఏ ముక్క మీద పడాలో తెలిసినవాళ్లే తక్కువ.

బండి సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. అంబాసిడర్‌కు మాతృక ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా తయారుచేస్తూ వచ్చింది. మన కలెక్టరాఫీసుల ముందు, రైల్వే స్టేషన్ల ట్యాక్సీ స్టాండుల్లో బారులు తీరిన తెల్ల కార్లు అవే. మోరిస్ నుంచి అంబాసిడర్‌కు సంక్రమించిన మంచి గుణాల్లో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు ఒకటి. స్టీరింగు చక్రం తిప్పితే చిన్న పళ్ల చక్రం, అంటే పినియన్, అడ్డంగా పడుకున్న పళ్ల కడ్డీని పక్కకు నెడుతుంది. ఆ కడ్డీ రెండు కొసలకూ టై రాడ్లు, ఒక్కో రాడ్డు బయటి చివర ఒక బాల్ జాయింటు, అదే టై రాడ్ ఎండు. ఫియట్ 1100, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని లాంటి స్టీరింగు బాక్సు బండ్లలో కడ్డీలూ కీళ్లూ ఇంతకంటే ఎక్కువ. అంబాసిడర్‌లో మేస్త్రీ తలపడాల్సిన బయటి కీళ్లు రెండే.

మేకు కంటే గట్టి పట్టు

ఆ కీలును చేతిలోకి తీసుకుని చూస్తే దాన్ని తయారుచేసినవాడి తెలివి ముందుగా కనిపిస్తుంది. పైన గిన్నెలో కూర్చున్న గుండు. గుండు కింద మెడ. మెడ కింద కొద్దికొద్దిగా సన్నబడుతూ పోయే పిన్ను. పిన్ను కొసన థ్రెడ్డు, స్ప్లిట్ పిన్ను దూరేందుకు అడ్డంగా ఒక బెజ్జం. చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ చివర కన్ను ఉంటుంది. దాని లోపలి గోడ కూడా పిన్నుకున్న వాలుతోనే కోసి ఉంటుంది. పిన్ను కన్నులో కూర్చున్నాక అవతల నుంచి నట్టు బిగిస్తే పిన్ను లోపలికి లాగబడి గోడ నిండా ఒత్తుకుంటుంది. దీన్నే షెడ్డులో టేపర్ అంటారు.

బండ్ల స్టీరింగు కీళ్లలో ఈ వాలు చాలాచోట్ల ఎనిమిదింటికి ఒకటి. అంటే ఎనిమిది మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు సన్నబడుతుంది. పిన్ను ఒక పక్క చూస్తే ఆ వాలు మూడున్నర డిగ్రీలకు కాస్త ఎక్కువ. పొడి ఉక్కు మీద పొడి ఉక్కు జారాలంటే వాలు సుమారు ఎనిమిది డిగ్రీలు ఉండాలి. మూడున్నర ఎక్కడ, ఎనిమిది ఎక్కడ? అందుకే ఒకసారి కూర్చున్న పిన్ను, నట్టు తీసేసినా తనంతట తాను జారి రాదు. ఇంట్లో రెండు స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని చేతికి రానప్పుడు జరిగేదీ ఇదే లెక్క.

ఇంకో విశేషం ఉంది. నట్టు ఒక టన్ను బలంతో పిన్నును లాగితే కన్ను గోడ మీద పడే ఒత్తిడి నాలుగైదు టన్నులు. చిన్న నట్టుతో అంత పట్టు రావడం, ఆ పట్టులో పిన్ను ఇసుమంతైనా కదలకపోవడం టేపర్ గొప్పతనం. గోతుల రోడ్డు మీద వేలసార్లు అటూ ఇటూ లాగినా ఆ కీలు వదులవదు. సాదా బోల్టు, సాదా బెజ్జం అయితే కొన్నాళ్లకే అరిగి లటలటలాడేవి. లేత్ పనివాళ్లకు ఈ సూత్రం కొత్త కాదు. డ్రిల్లు తోకకు ఉండే మోర్స్ టేపర్‌లో వాలు ఇంకా తక్కువ, దాదాపు ఇరవైకి ఒకటి. అక్కడ డ్రిల్లు ఊడదీయడానికి స్లీవులోనే ఒక సందు వదిలి, అందులో చీల పెట్టి ఒక్కటి తడతారు. స్టీరింగు కీలుకు అలాంటి సందు పెట్టలేదు. ఊడదీసే దారి మేస్త్రీయే వెతుక్కోవాలి.

లెక్క ప్రకారం, బిగించడానికి పట్టిన బలంలో సగం కంటే తక్కువతోనే పిన్ను వెనక్కి రావాలి. కొత్త బండిలో వస్తుంది కూడా. పాత బండిలో రాదు, మధ్యలో తుప్పు చేరింది గనక. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. కన్నుకూ పిన్నుకూ మధ్య ఉన్న సూక్ష్మమైన సందులో పుట్టిన తుప్పు ఉబ్బడానికి చోటు లేక రెండు గోడల్నీ నెట్టి పట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. రబ్బరు బూటు చిరిగి, గ్రీజు గన్ను ముఖం ఎరగని బండయితే చెప్పనే అక్కర్లేదు.

ముందు చూపు, తర్వాత చేయి

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చేయి తిరిగిన మేస్త్రీ ఈ పని మొదలుపెట్టే తీరు చూస్తే, చూసేవాడికి ముందు విసుగు పుడుతుంది. ఎంతసేపటికీ సుత్తి ఎత్తడు. బండిని జాకీ మీద లేపి, స్టాండు మీద దించి, చక్రం తీస్తాడు. వైరు బ్రష్షుతో నట్టు చుట్టూ, థ్రెడ్డు కొసన, కన్ను రెండు అంచుల్లో రుద్దుతాడు. బయటికి కనిపించే థ్రెడ్డు మీద ఇసుక, పెయింటు, పాత గ్రీజు లేకుండా చేస్తాడు. ఆ తర్వాత కిరసనాయిలో, తుప్పు వదిలించే స్ప్రేనో కన్ను పై అంచున, కింది అంచున పోసి వదిలేస్తాడు. తొందర లేని పనయితే రాత్రంతా నాననిస్తాడు.

స్ప్లిట్ పిన్ను వంతు వస్తుంది. వంచిన కాళ్లను సాపు చేసి, తల పట్టుకుని, తిప్పుతూ లాగుతాడు. విరిగితే సన్నటి పంచితో తట్టి తోస్తాడు, దానికీ లొంగకపోతే డ్రిల్లు పెడతాడు. దాన్ని తీయకుండానే నట్టు తిప్పేసేవాళ్లున్నారు. స్ప్లిట్ పిన్ను మెత్తటిది కాబట్టి తెగుతుంది, నట్టు తిరుగుతుంది. తెగిన ముక్క మాత్రం థ్రెడ్డును గీరుకుంటూ పోతుంది. ఆ గీత ఫలితం చివర్లో నట్టు మళ్లీ ఎక్కించేటప్పుడు తెలుస్తుంది.

ఆ తర్వాత చేసే పనిలో అనుభవం బయటపడుతుంది. టేపర్ వదలకముందే, ఎండును టై రాడ్డు మీద బిగించి ఉంచే లాకు నట్టును పావు చుట్టు కదిలించి ఉంచుతాడు. ఎండు ఇంకా ఆర్మ్‌కు గట్టిగా అంటుకుని ఉంది కదా, స్పానర్ వేసినప్పుడు దాన్ని కదలకుండా పట్టే మనిషి అక్కర్లేదు. ఎండు ఊడి వేలాడుతున్నప్పుడు ఇదే లాకు నట్టును వదిలించాలంటే రెండు స్పానర్లు, మూడు చేతులు కావాలి. ఇప్పుడు టేపర్ నట్టును కూడా విప్పుతాడు, పూర్తిగా తీయడు. పిన్ను కొసతో సమానమయ్యేదాకా తెచ్చి అక్కడే ఆపుతాడు. ఆ నట్టు రెండు పనులు చేస్తుంది. పొరపాటున దెబ్బ పడితే థ్రెడ్డును కాపాడుతుంది. పిన్ను ఒక్కసారిగా వదిలినప్పుడు రాడ్డు ఎగిరి ముఖానికి తగలకుండా ఆపుతుంది.

రెండు సుత్తుల విద్య

చేతకానివాడు మొదట చేసే పని పిన్ను కొస మీద కొట్టడం. బయటికి రావాల్సింది పిన్నే కాబట్టి పిన్నునే కొట్టాలని ఎవరికైనా తోస్తుంది. రెండు మూడు దెబ్బలకు కొస నలిగి వెడల్పవుతుంది. ఆ తర్వాత పిన్ను కన్నులోంచి రాదు, నట్టు థ్రెడ్డు మీదికి రాదు. అదే దెబ్బల అదురు రాడ్డు వెంట లోపలికి పోయి ర్యాక్ పళ్లనూ, లోపలి బాల్ జాయింటునూ కుదిపేస్తుంది. బయటి కీలు కోసం మొదలుపెట్టిన పని లోపలి కీలు దాకా పోతుంది.

తెలిసినవాడు కొట్టేది కన్నును. ముందుగా పుల్లరు తగిలిస్తాడు. పుల్లరు పళ్లు ఆర్మ్‌ను పట్టుకుంటాయి, మధ్య మర పిన్ను కొస మీద ఆనుతుంది. మరను బిగిస్తాడు కానీ పిన్నును పుల్లరుతోనే తోసేయాలని చూడడు. గట్టిగా బిగిసిందని చేతికి తెలియగానే ఆపుతాడు. ఇప్పుడు పిన్ను మీద బయటికి నెట్టే బలం సిద్ధంగా కాచుకుని ఉంది. అడ్డు కన్ను గోడ పట్టు మాత్రమే.

అప్పుడు రెండు సుత్తులు వస్తాయి. కన్నుకు ఒక పక్క బరువైన సుత్తిని, వీలుంటే చిన్న సమ్మెటనే, ఆనించి పట్టుకుంటాడు. సరిగ్గా దానికి ఎదురుగా, కన్ను రెండో పక్క, మరో సుత్తితో కొడతాడు. వెనక ఆనించినది ముందు కొట్టేదానికంటే బరువుగా ఉండాలి. ఆ ఆసరా లేకపోతే దెబ్బకు ఆర్మ్ మొత్తం ఊగి, బలమంతా ఆ ఊపులోనే కరిగిపోతుంది. ఆసరా ఉంటే దెబ్బ ఎటూ పోలేక కన్నులోనే ఖర్చవుతుంది. గుండ్రటి కన్ను ఆ క్షణంలో లిప్తకాలం కోలగా అయి తిరిగి గుండ్రమవుతుంది. ఆ లిప్తలోనే గోడ పట్టు సడలుతుంది, పగిలిన తుప్పు పొర రాలుతుంది, కాచుకుని ఉన్న పుల్లరు బలం పిన్నును బయటికి తన్నుతుంది. టప్పుమని తుపాకీ పేలినట్టు చప్పుడు వస్తుంది.

ఈ పనిలో చెవికి చాలా పని ఉంది. పట్టు వదలని కన్ను మీద దెబ్బ మొద్దుగా, బరువుగా మోగుతుంది. రెండు ముక్కలూ ఒకే ముద్దలా ఉన్నాయని దాని అర్థం. పట్టు సడలడం మొదలైతే చప్పుడు పలచబడి గలగలమంటుంది. అప్పుడు ఇంకా గట్టిగా కొట్టడు, పుల్లరు మరను కాస్త బిగించి మళ్లీ తడతాడు. షెడ్డుల్లో కుర్రాళ్లకు పడే చీవాట్లలో సగం ఇక్కడే పడతాయి.

"ఒరేయ్, పిన్ను మీద పగ దేనికిరా నీకు? కన్ను మీద కొట్టు, కన్ను మీద!"

"వదలట్లేదు మేస్త్రీ గారూ."

"వదుల్తుంది. ముందు ఆ చప్పుడు విను, తర్వాత కొట్టు."

దెబ్బకు లొంగకపోతే వేడి పెట్టాలి. అక్కడా లెక్క తెలిసుండాలి. 14 మిల్లీమీటర్ల కన్నును 150 డిగ్రీల మేర వేడెక్కిస్తే అది సుమారు 25 మైక్రాన్లు విప్పారుతుంది, అంటే మామూలు కాగితం మందంలో నాలుగో వంతు. చూపుకు అందని ఆ కొంచెమే చాలు, వేడి కన్నుకు తగిలి పిన్నుకు ఇంకా పాకకుండా ఉంటే. అందుకే మంటను త్వరగా, కన్ను చుట్టూ తిప్పుతూ పెట్టి, వెంటనే రెండు సుత్తులు అందుకుంటాడు. నింపాదిగా కాలిస్తే కన్నుతోపాటు పిన్నూ వేడెక్కి ఉబ్బుతుంది, మొదటికొస్తుంది. కన్ను ఎర్రబడేదాకా కాల్చడం ఇంకా పెద్ద నేరం. స్టీరింగ్ ఆర్మ్ పోతపోసిన ముక్క కాదు. సాగగొట్టి, పదును పెట్టి, దిటవు తెచ్చిన ఉక్కు. ఎర్రగా కాలితే ఆ పదును చెడుతుంది, కంటికి ఏ తేడా కనిపించదు. పైగా బాల్ జాయింటు గిన్నెలో గ్రీజు మూసుకుపోయి ఉంటుంది. మంట దాని వైపు పోతే గ్రీజు మరిగి ఎగజిమ్ముతుంది. వేడి పెట్టాక ఆ ఎండును మళ్లీ వాడరు. పాత ఎండు ఎలాగూ పారేసేదే అనుకున్నప్పుడే మంట వెలిగిస్తారు.

రెండు కాళ్ల ఫోర్కును సందులో దూర్చి కొట్టే పద్ధతీ ఉంది. త్వరగా ఊడుతుంది, రబ్బరు బూటును మాత్రం చింపేస్తుంది. బాగున్న జాయింటును పక్కకు తీసి మళ్లీ పెట్టాల్సిన పనిలో ఫోర్కు ఎత్తినవాడి తొందర అందరికీ తెలిసిపోతుంది.

శత్రువును పనిలో పెట్టుకోవడం

ఒక్కోసారి కథ అడ్డం తిరుగుతుంది. టేపర్ వదిలింది కానీ నట్టు ఇంకా కొన్ని థ్రెడ్ల మీద ఉంది, అదీ తుప్పుతో పట్టేసింది. స్పానర్ తిప్పితే నట్టుతోపాటు పిన్నూ గుండు మీద గిరగిరా తిరుగుతుంది. గుండును పట్టుకునే చోటేదీ లేదు. ఇక్కడ కొందరు రంపం అందుకుంటారు.

పెద్ద మేస్త్రీ జాకీ అందుకుంటాడు. జాయింటు గిన్నె మీద జాకీతో ఒత్తిడి పెట్టి పిన్నును మళ్లీ కన్నులోకి నొక్కుతాడు. అంతసేపూ ఎవరితో పోరాడాడో ఆ టేపరే ఇప్పుడు పిన్నును తిరగకుండా పట్టుకుంటుంది. నట్టు హాయిగా వచ్చేస్తుంది. ఈ ఒక్క ఎత్తు చాలు, అతనికి ఈ కీలు గుణం ఎంత లోతుగా తెలుసో చెప్పడానికి. టేపర్ మొండితనాన్ని తిట్టుకునేవాడికి ఈ ఉపాయం తట్టదు. దాని పట్టు ఎక్కణ్నుంచి వస్తోందో అర్థమైనవాడికే తడుతుంది.

ఎండును రాడ్డు మీది నుంచి విప్పేటప్పుడు చుట్లు లెక్కపెడతాడు, విప్పకముందే లాకు నట్టు ఉన్న చోట పెయింటు గుర్తు పెడతాడు. కొత్త ఎండు అన్ని చుట్లే ఎక్కితే చక్రాల దిశ పాతదానికి దగ్గరగా ఉంటుంది. ఒకటి రెండు చుట్లు అటూ ఇటూ అయినా టైరు ఒక అంచున త్వరగా అరిగిపోతుంది. దగ్గరగా ఉందని వదిలేయడు, చివర్లో ఆ దిశను, అంటే టో-ఇన్‌ను, చూపించి తీరాలంటాడు. గుర్తులు పెట్టుకున్నది బండిని అలైన్‌మెంట్ దాకా భద్రంగా నడిపించుకుపోవడానికే.

తిరిగి కూర్చోబెట్టడం

ఊడదీయడం అయ్యాక తెలిసేది రెండో సగం పని. కన్ను లోపలి గోడను నూలు గుడ్డతో తుడిచి, తుప్పు మచ్చల్ని మెత్తటి ఎమెరీ కాగితంతో తీస్తాడు. ఆకురాయి పెట్టడు, పెడితే వాలు పాడవుతుంది. ఆర్మ్‌లో పగుళ్లున్నాయేమో చూడటానికి పాత తరం మేస్త్రీలు ఒక చవకైన పరీక్ష చేస్తారు. ఆర్మ్‌కు కిరసనాయిలు పూసి కాసేపు నాననిచ్చి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లుతారు. కంటికి కనిపించని పగులేదైనా ఉంటే అందులో దాక్కున్న కిరసనాయిలు సుద్దలోకి ఊరి సన్నటి చార పొడుస్తుంది. చార పొడిస్తే ఆ ఆర్మ్ పనికి రాదు, బేరం లేదు.

కొత్త పిన్ను కన్నులో ఎలా కూర్చుందో తెలుసుకోవడానికి పిన్నుకు నీలం రంగు పలచగా పూసి, ఒకసారి దూర్చి, తీసి చూస్తాడు. కన్ను గోడ నిండా నీలం అంటితే వాలు సరిపోయినట్టు. ఒక అంచునే అంటితే ఆ ఎండు వాలు వేరు, బజారులో వేరే బండి ఎండు అంటగట్టారన్నమాట. అలాంటిది బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, నాలుగు గోతులకు వదులవుతుంది.

చివరి మెట్టులో చాలామంది మంచి ఉద్దేశంతో చెడు చేస్తారు. మళ్లీ తుప్పు పట్టకూడదని టేపర్‌కు గ్రీజు పూస్తారు. ఉక్కు మీద ఉక్కు పొడిగా ఉంటేనే జారుడు కోణం ఎనిమిది డిగ్రీలు. గ్రీజు తగిలితే అది సగానికి పైగా పడిపోయి వాలుకు దరిదాపుల్లోకి వస్తుంది. అప్పుడు టేపర్‌కు తనంతట తాను పట్టుకునే గుణం పోతుంది, బలమంతా నట్టు మీద పడుతుంది. నట్టు బిగిస్తున్న కొద్దీ పిన్ను లోపలికి జారుతూ కన్నును సాగదీస్తుంది. అందుకే మంచి మేస్త్రీ టేపర్‌ను తుడిచి పొడిగా కూర్చోబెడతాడు. గ్రీజు నిపిల్ ద్వారా గుండుకు ఎక్కిస్తాడు, బయట థ్రెడ్డు మీద రాస్తాడు. నట్టు బిగించాక దాని గాడికీ పిన్ను బెజ్జానికీ వరస కుదరకపోతే ఇంకాస్త ముందుకే బిగిస్తాడు, వెనక్కి వదులు చేయడు. స్ప్లిట్ పిన్ను కొత్తది వేస్తాడు, పాతది ఎంత బాగున్నా సరే.

ఇంత పనీ అయ్యాక బండి యజమానికి కనిపించేది ఏమిటి? స్టీరింగు ఆట తగ్గింది, బండి గీత గీసినట్టు పోతోంది, అంతే. పనితనం కనిపించదు. అది కనిపించాలంటే ఊడదీసిన పాత ఎండును అడిగి తీసుకోవాలి, ఆర్మ్ మీద ఒకసారి టార్చిలైటు వేసి చూడాలి. పాత పిన్ను కొస నలగలేదు, థ్రెడ్డు మీదికి నట్టు ఇంకా చేత్తో ఎక్కుతోంది, ఆర్మ్ కన్నుకు రెండు పక్కలా ఎదురెదురుగా తప్ప మరెక్కడా సుత్తి మచ్చ లేదు, ఉక్కు మీద నీలం కమిలిన రంగు లేదు. ఇవి ఉంటే ఆ షెడ్డును వదులుకోకండి. మొండి కీలును ఊడదీసేవాళ్లు చాలామంది దొరుకుతారు. చుట్టూ ఉన్న దేన్నీ గాయపరచకుండా ఊడదీసేవాడు దొరికితే, బండిలో మిగతా పనులు కూడా అతనికే అప్పగించవచ్చు.